ఇంప్రావ్ కామెడీ క్లాసులు: మొదటి లెవెల్ నుంచి హెరాల్డ్ దాకా నా అనుభవం

ఇంప్రావ్ బడిలో చేరాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "నాకు జోకులు వేయడం రాదు, పరవాలేదా?" పరవాలేదు. నిజానికి జోకులు బాగా వేసేవాళ్ళకే మొదటి లెవెల్ ఎక్కువ కష్టం. ఇంప్రావ్ అంటే అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకం, ఇక్కడ స్క్రిప్టు ఉండదు. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒక మాట ఇస్తారు. దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక చోటునీ, ఒక సంబంధాన్నీ, ఒక చిక్కునీ అప్పటికప్పుడు పుట్టించాలి. అది జరగాలంటే ఎదుటివాళ్ళు ఇప్పుడే అన్న మాట చివరిదాకా వినాలి, మన తర్వాతి మాటకి దాన్నే ముడిసరుకు చేసుకోవాలి. లెవెళ్ళన్నీ చేశాక నాకు తేలిందేమిటంటే, అక్కడ ఆడించే ఆటలూ, చెప్పే నియమాలూ, ఇచ్చే నోట్సూ (సీను మీద టీచర్ చెప్పే దిద్దుబాట్లు) అన్నీ ఈ ఒక్క అలవాటు కోసమే. ఏ క్లాసులో ఏం చేయిస్తారో, జనం ఎక్కడ ఎందుకు తడబడతారో ఆ కోణంలోనే రాస్తున్నాను.

బడి ఎంచుకునే ముందు అది ఏ శాఖకి చెందిందో చూసుకోవాలి. ఎందుకంటే ఒకే సీనుకి ఒక్కో చోట ఒక్కో నోట్ వస్తుంది. ఈ ఆటలకి మూలం చికాగోలో వయోలా స్పోలిన్ (1906–1994) పిల్లలతో, వలస కుటుంబాలతో పనిచేస్తూ తయారుచేసిన రంగస్థల ఆటలు. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ 1955లో కంపాస్ ప్లేయర్స్ అనే నాటక బృందాన్నీ, 1959లో సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్‌నీ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. సెకండ్ సిటీలో ఇంప్రావ్ ప్రధానంగా స్కెచ్‌లు, అంటే చిన్న హాస్య నాటికలు, తయారుచేసుకునే పనిముట్టు. వేదిక మీద పుట్టినదాన్ని దిద్ది, స్థిరపరిచి, మళ్ళీ మళ్ళీ ఆడతారు. 1981లో చికాగోలోనే మొదలైన ఇంప్రావ్‌ఒలింపిక్ తర్వాత ఐఓగా పేరు మార్చుకుంది. అక్కడ డెల్ క్లోజ్, చార్నా హాల్పెర్న్ కలిసి హెరాల్డ్ అనే అరగంట ప్రదర్శనని బోధనకి కేంద్రం చేశారు. అప్పటికప్పుడు పుట్టిందే అక్కడ అసలు ప్రదర్శన, మళ్ళీ ఆడేది ఉండదు. డెల్ క్లోజ్ దగ్గర నేర్చుకున్న నలుగురు 1999లో న్యూయార్క్‌లో అప్‌రైట్ సిటిజన్స్ బ్రిగేడ్ థియేటర్ తెరిచి, సీనులో ఉన్న "గేమ్"ని, అంటే నవ్వు పుట్టించే వింత తీరుని, పట్టుకోవడం చుట్టూ పాఠాలన్నీ కట్టారు. లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేసి కెనడా వెళ్ళిన కీత్ జాన్‌స్టన్ 1977లో కాల్గరీలో లూస్ మూస్ పెట్టారు. ఆయన శాఖలో హోదాల ఆట, కథ నడపడం, జట్ల మధ్య పోటీగా సాగే థియేటర్‌స్పోర్ట్స్ ముఖ్యం. ఎక్కడ ఇంప్రావ్ నేర్పినా వీటిలో ఏదో ఒకదాని నీడ ఉంటుంది. అది తెలుసుకోవడానికి సులువైన మార్గం ఫీజు కట్టే ముందు ఆ బడి విద్యార్థుల షో ఒకటి కూర్చుని చూడడం. టీచర్ల షో కాదు, విద్యార్థులదే.

ఎక్కువ బడుల్లో ఒక లెవెల్ ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి ఒక క్లాసు, క్లాసుకి రెండు నుంచి మూడు గంటలు. ఒక బ్యాచ్‌లో 12 నుంచి 16 మంది. ఈ అంకెలు పెట్టుకుని లెక్క వేస్తే ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి బయటపడుతుంది. మూడు గంటల క్లాసులో వార్మప్‌కీ విరామానికీ నలభై నిమిషాలు పోతే మిగిలేది 140 నిమిషాలు. ఇద్దరు ఆడే సీను మూడు నిమిషాలు, దాని మీద నోట్స్ నాలుగైదు నిమిషాలు అనుకుంటే పద్దెనిమిది సీన్ల కంటే పట్టవు. పదహారు మందికి పంచితే మనిషికి రెండు, మహా అయితే మూడు సీన్లు. అంటే వేదిక మీద ఉండేది పది నిమిషాల లోపే. మిగతా సమయమంతా చూడడమే. ఆ చూసే సమయాన్ని ఎలా వాడుకుంటారన్నదాన్ని బట్టే విద్యార్థి ఎదుగుదల ఉంటుంది. నేను సిఫారసు చేసే పద్ధతి ఇది: ఇద్దరు సీను ఆడుతుంటే మొదటి మూడు మాటల్లో "ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు" తెలిసిందా అని మనసులో చూసుకోవాలి, మామూలుకి తేడాగా కనిపించిన మొదటి మాట ఏదో గుర్తుపెట్టుకోవాలి. సీను అయ్యాక టీచర్ ఆపి చెప్పేదానితో మన ఊహ సరిపోయిందో లేదో పోల్చుకోవాలి. వేదిక ఎక్కకుండానే ఒక క్లాసులో పదిహేను సీన్ల సాధన అవుతుంది.

బట్టల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కింద కూర్చోవడానికి, పాకడానికి వీలైనవి వేసుకోవాలి, బూట్లు మడమ లేనివి, జారనివి ఉండాలి. పెద్ద అక్షరాలో బొమ్మలో ఉన్న చొక్కా వద్దు, సీనులో మీరు రాజుగారైనా జనం ఆ అక్షరాలే చదువుతారు. చిన్న నోటుపుస్తకం తప్పనిసరి. హాజరు విషయంలో బడులు కచ్చితంగా ఉంటాయి. ఎనిమిది క్లాసుల్లో రెండు మించి మానేస్తే చాలాచోట్ల లెవెల్ పూర్తయినట్టు లెక్కించరు. జట్టు ఒకరి అలవాట్లు ఒకరు తెలుసుకుంటూ కుదురుకుంటుంది కాబట్టి ఆ నియమం సబబే.

వార్మప్ ఆటలు బయటి నుంచి చూస్తే చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. గుండ్రంగా నిలబడి "జిప్, జ్యాప్, జాప్" అంటూ చప్పట్లతో ఒకరికొకరు శక్తిని విసురుకోవడం, ఎనిమిది నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ చేతులూ కాళ్ళూ విదిలించడం, ఇద్దరు ఒకేసారి ఒక్కో మాట అని, ఆ రెండు మాటల మధ్య ఉండే మాట కోసం మళ్ళీ ఇద్దరూ ఒకేసారి ప్రయత్నించి చివరికి ఒకే మాట దగ్గర కలవడం. ఈ మూడోది అన్నిటికంటే ఉపయోగం. "సముద్రం", "గడియారం" అన్నాక ఒకరు "ఓడ" అనీ, ఇంకొకరు "ఆటుపోట్లు" అనీ అంటారు. తర్వాత ఆ రెండిటి మధ్య మాట వెతకాలి. చమత్కారమైన మాట వెతికేవాళ్ళు ఇరవై రౌండ్లయినా కలవరు. అందరికీ తట్టే మాట చెప్పేవాళ్ళు ఐదారు రౌండ్లలో కలుస్తారు. మనకి మామూలుగా తోచేది ఎదుటివాళ్ళకి కొత్తగా ఉంటుందని జాన్‌స్టన్ శాఖలో పదే పదే చెప్తారు. ఆ మాటకి రుజువు ఈ ఆటలోనే దొరుకుతుంది. ఇక్కడ ఎవరైనా తప్పు చేస్తే చప్పట్లు కొట్టి మళ్ళీ మొదలుపెడతారు. తప్పు జరిగిన క్షణంలో ముఖం చిట్లించకుండా ఆట కొనసాగించే తీరు శరీరానికి అలవాటు చేయడమే దాని ఉద్దేశం.

మొదటి లెవెల్ మొత్తం "అవును, ఇంకా" అన్న సూత్రం మీద నడుస్తుంది. ఎదుటివాళ్ళు చెప్పిన వాస్తవాన్ని ఒప్పుకుని, దానికి ఒక సంగతి చేర్చాలి. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుని పాత్ర కూడా ప్రతిదానికీ తలూపాలనుకుంటారు. ఒప్పుకోవలసింది నటులు, పాత్రలు కాదు. "నాన్నగారూ, నేను సర్కస్‌లో చేరుతున్నా" అంటే తండ్రి "చస్తే పంపను" అనొచ్చు. అప్పుడు కూడా కొడుకు, సర్కస్, ఆ నిర్ణయం మూడూ నిజమే. "నువ్వెవరు? నాకు కొడుకే లేడు" అంటే మాత్రం కట్టిన గోడ కూలినట్టే. అంతకంటే కనిపించకుండా దెబ్బతీసేది ప్రశ్న. "ఏం చేస్తున్నావ్?", "ఇదేంటి?", "ఇప్పుడేం చేద్దాం?" అనేవి కల్పించే భారమంతా ఎదుటివాళ్ళ మీద వేస్తాయి. అడగాలనిపించిన ప్రశ్నకి జవాబు మనమే ఊహించి, ఆ జవాబునే మాటగా చెప్పాలి. "ఇదేంటి?" అనే బదులు "అమ్మ ట్రంకుపెట్టె తెరిచేశావన్నమాట" అంటే పెట్టె, అమ్మ, తెరవకూడని నియమం ఒక్క దెబ్బతో వచ్చేస్తాయి.

తెలుగులో ఆడేటప్పుడు ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. మొదటి మాటలోనే పిలుపు పెట్టేస్తే సరి. "వదినా", "ఒరేయ్ శీనుగా", "సార్, ఒక్క నిమిషమండీ" అంటే బంధుత్వం, చనువు, హోదా తేలిపోతాయి, వివరణ అక్కర్లేదు. పిలుపు లేకుండా మొదలైన సీన్లలో ఇద్దరూ అపరిచితుల్లా మాట్లాడుకుంటూ నిమిషం గడిపేస్తారు. అపరిచితుల సీన్లు, అమ్మకందారు–కొనుగోలుదారు సీన్లు, ఒకరికొకరు పని నేర్పే సీన్లు మొదటి లెవెల్లో వద్దనేది కూడా ఇందుకే. వాటిలో జరిగే పనే సంభాషణని మింగేస్తుంది, మనుషుల మధ్య ఏమీ మిగలదు.

మాటకో మనిషి చొప్పున కథ చెప్పే ఆట తెలుగులో ఆడేటప్పుడు ఒక సర్దుబాటు చేసుకోవాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి నలుగురైదుగురు నామవాచకాలు చేరుస్తూ పోతారు, క్రియ చెప్పే ధైర్యం ఎవరూ చేయరు. ఒక వాక్యంలో ఆరో మాట వచ్చేసరికి క్రియ పడిపోవాలి అని నియమం పెట్టుకుంటే కథ కదులుతుంది. విభక్తులు ముందు మాటకే అతికించి చెప్పాలి. "ఇంటికి" ఒక మాట, "ఇల్లు", "కి" రెండు మాటలు కావు.

వస్తువులు లేకుండా వస్తువులు చూపించడం మీద బడులు ఒకటి రెండు క్లాసులే కేటాయిస్తాయి. నా అభిప్రాయంలో అది చాలదు. వేదిక మీద రెండు కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. గ్లాసు పట్టుకున్నట్టు చేసేటప్పుడు బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య గ్లాసు మందమంత ఖాళీ నిలిచి ఉండాలి. మాటల్లో పడగానే గుప్పిట మూసుకుపోతుంది, గ్లాసు నలిగిపోయినట్టే. కింద పెట్టేటప్పుడు బల్ల ఎత్తు దగ్గర చెయ్యి ఆగాలి, ముందు వేళ్ళు విడవాలి, ఆ తర్వాతే చెయ్యి వెనక్కి రావాలి. ఈ మూడు అంచెలు కలిపేస్తే వస్తువు గాల్లో కలిసిపోతుంది. బకెట్టు బరువు చేతిలో కాదు, రెండో భుజం వంగడంలో కనిపిస్తుంది. తోడి నటుడు బల్ల ఎక్కడ పెట్టాడో చూడకుండా దాని మధ్యలోంచి నడిచిపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ప్రేక్షకులు దాన్ని తప్పకుండా చూస్తారు. చేతికి పని ఉంటే ఇంకో లాభం: ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వాదించుకునే దుస్థితి తప్పుతుంది.

రెండో లెవెల్లో గేమ్ వస్తుంది. దీన్ని విడమరచడానికి ఒక సీను తీసుకుంటాను. ప్రేక్షకులిచ్చిన మాట "తాళంచెవి". దాన్నుంచి "ఇల్లు ఖాళీ చేయడం" అనుకుని చెల్లెలు పాత్ర మొదలుపెడుతుంది.

"అన్నయ్యా, నువ్వా పక్క పట్టుకో. మెట్ల దగ్గర బీరువా కాస్త వంచాలి."

"పట్టుకున్నా. నాన్న ఇన్నేళ్ళూ ఈ ఇంట్లోనే ఉన్నారు, కొత్తింట్లో నిద్ర పడుతుందో లేదో."

"పడుతుందిలే. కిటికీ పక్కనే మంచం వేద్దాం."

"ఆగాగు, గోడకి తగిలింది. క్షమించండి."

ఆ చివరి మాట అతను బీరువా వైపు తిరిగి అన్నాడు. అప్పటిదాకా వచ్చినదంతా పునాది: అన్నాచెల్లెళ్ళు, ఇల్లు మారడం, నాన్న మీద బెంగ. అందులో మామూలుకి విరుద్ధమైనది ఒక్కటీ లేదు, ఉండకూడదు కూడా. బీరువాకి క్షమాపణ చెప్పడం మొదటి వింత. ఇక్కడ సీను నిలబడాలా పడిపోవాలా అన్నది చెల్లెలి తర్వాతి మాట మీద ఉంటుంది. ఆమె వినకుండా "సరే పద, లారీ వచ్చేసింది" అంటే వింత జారిపోయింది. ఆమె కూడా మంచంతో మాట్లాడడం మొదలుపెడితే ఇద్దరూ పిచ్చివాళ్ళయ్యారు, ఇక వింతకి కొలమానం లేదు. చేయవలసింది దాన్ని ఎత్తి చూపడం: "అన్నయ్యా, ఇప్పుడు బీరువాని మన్నించమని అడిగావా?" అప్పుడు అన్న దానికి కారణం చెప్పాలి. "మన తాతగారి కంటే ముందు నుంచీ ఇంట్లో ఉందే. పెద్దవాళ్ళని అలా గోడకి కొడతామా?"

ఆ కారణంతో గేమ్ దొరికింది. ఇంట్లో ఎన్నేళ్ళుంటే అంత గౌరవం అన్నది అతని న్యాయం. ఇక "ఇది నిజమైతే ఇంకేమేం నిజం?" అని అడుక్కుంటూ పోవడమే. పోయినేడు కొన్న స్టూలుని "ఒరేయ్, పక్కకి జరుగు" అంటాడు. ఫ్రిజ్జు రాత్రంతా శబ్దం చేసినా పడక్కుర్చీ ముందు నోరెత్తదని మెచ్చుకుంటాడు. కొత్తింట్లో మొదట లోపలికి వెళ్ళేది నాన్నా, బీరువానా అన్న దగ్గర చెల్లెలికి నిజంగా కోపం రావాలి. మెట్టు మెట్టుకీ పణం పెరగాలి, న్యాయం మాత్రం మారకూడదు. విద్యార్థులు ఎక్కువగా పోగొట్టేది ఇక్కడే. నవ్వు వచ్చిందని ఉత్సాహపడి, బీరువా తిరిగి మాట్లాడిందనీ, లోపల దెయ్యం ఉందనీ కొత్త వింతలు చేరుస్తారు. రెండో వింత రాగానే మొదటిది నీరసించిపోతుంది. ఇంకో తప్పు, చెల్లెలు మరీ తొందరగా ఒప్పేసుకోవడం. ఆమె ప్రేక్షకుల తరఫు మనిషి. ఆమె అభ్యంతరం పెట్టినన్నాళ్ళే అన్న తన న్యాయాన్ని ఇంకా గట్టిగా చెప్పవలసి వస్తుంది. అభ్యంతరం వాదనగా మారి "కాదు", "అవును" దగ్గర ఇరుక్కుంటే మాత్రం ఇద్దరిలో ఒకరు ఓడిపోవాలి. ఓడిపోవడానికి సిద్ధపడేవాళ్ళతో ఆడడం ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది.

టీచర్ ఇచ్చే నోట్ రెండు రకాలు. సీను నడుస్తుండగా పక్క నుంచి "ఆమె చెప్పింది మళ్ళీ చెప్పు", "చేతిలో ఉన్నది కింద పెట్టకు" అంటూ అరిచేది ఒకటి, ఇది స్పోలిన్ నాటి పద్ధతి. దానికి ఆగి టీచర్ వైపు చూడకూడదు, పాత్రలో ఉండే పాటించాలి. రెండోది సీను అయ్యాక చెప్పేది. అప్పుడు "నేను అసలు ఏమనుకున్నానంటే" అని మొదలుపెట్టడం వృథా. మనసులో అనుకున్నది వేదిక మీదికి రాలేదు కాబట్టే నోట్ వచ్చింది. రాసుకోవాలి, ఒక్క వాక్యంలో. ఇంటికెళ్ళి నోట్స్ అన్నీ వరసగా చదివితే ఒకే నోట్ వేరే వేరే మాటల్లో తిరిగి వస్తున్నట్టు కనిపిస్తుంది. తర్వాతి క్లాసుకి ఆ ఒక్కటే పని పెట్టుకోవాలి. తోటి విద్యార్థులకి అడగకుండా నోట్ ఇవ్వడం మాత్రం ఎవరూ చేయకూడదు. బ్యాచ్‌లు విరిగిపోయేది ఎక్కువగా దానివల్లే.

హోదా పాఠం ఏ శాఖ బడిలోనైనా ఒకసారి వస్తుంది, అది జాన్‌స్టన్ ఇచ్చిన ఆస్తి. ప్రతి ఒక్కరూ ఒక పేకముక్క చూసుకోకుండా నుదుటికి ఆనించుకుంటారు, ఎదుటివాళ్ళది మాత్రం కనిపిస్తుంది. రాజుకి దండం పెడతారు, రెండుని పట్టించుకోరు. పది నిమిషాల్లో తన ముక్క ఏదో ప్రతివాళ్ళూ సుమారుగా చెప్పేస్తారు. తర్వాత శరీరంతో చేయించేవి ఉంటాయి: మాట్లాడేటప్పుడు తల కదపకుండా ఉంచితే హోదా పెరిగినట్టు కనిపిస్తుంది, ముఖం తడుముకుంటూ ఉంటే తగ్గినట్టు. ఉద్యోగం వేరు, హోదా వేరు. పనివాడి ముందు యజమాని ముఖం తడుముకుంటుంటే సీను తనంతట తనే నడుస్తుంది. మాటలు తట్టని విద్యార్థులకి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనబడలేదు.

రెండో లెవెల్ చివర్లోనో మూడో లెవెల్ మొదట్లోనో దాదాపు అందరికీ ఒక మందకొడి దశ వస్తుంది. మొదటి లెవెల్లో చలాకీగా ఆడినవాళ్ళు కూడా బిగుసుకుపోతారు. కారణం తెలిసిందే: ప్రశ్న వేయకూడదు, చోటు చెప్పాలి, సంబంధం చెప్పాలి, వింత పట్టుకోవాలి అని బుర్రలో తనిఖీ నడుస్తుంటే ఎదుటివాళ్ళ మాట చెవిలో పడదు. నియమాలు వినడం కోసం పుట్టాయి, ఇప్పుడవే వినడానికి అడ్డం వస్తాయి. 1987లో చికాగోలో అనాయెన్స్ థియేటర్ పెట్టిన మిక్ నేపియర్ శాఖ ఇక్కడ పనికొస్తుంది. సీను మొదలవగానే నియమాల సంగతి వదిలేసి, ముందు తన పాత్రకి ఒక గట్టి తీరు, ఒక గొంతు, ఒక నడక ఏదో ఒకటి తీసుకో, దాన్ని వదలకు అంటారు. పాత్ర దొరికాక చెవి మళ్ళీ తెరుచుకుంటుంది. ఇంకో మందు, ఒకే సీనుని అరవై సెకన్లలో, తర్వాత ముప్ఫైలో, తర్వాత పదిహేనులో ఆడించే ఆట. ఆలోచించే వ్యవధి ఉండదు, ముఖ్యమైన మాటలే మిగులుతాయి. ఈ దశలో లెవెల్ మళ్ళీ చేయమని టీచర్ చెప్తే చేయడమే మంచిది. అదే పాఠం రెండోసారి వేరే టీచర్ దగ్గర వింటే కొత్తగా ఉంటుంది.

సీను ఎక్కడ ఆపాలో నిర్ణయించేది వెనక వరసలో నిలబడ్డవాళ్ళు. వేదిక ముందు నుంచి అడ్డంగా పరుగెత్తితే ఆ సీను అయిపోయినట్టు. ఆడుతున్న ఇద్దరిలో ఒకరి భుజం తడితే ఆ మనిషి బయటికి వెళ్ళాలి, మిగిలిన మనిషి అదే పాత్రతో ఇంకో చోట, ఇంకో సమయంలో కొనసాగాలి. మన బీరువా సీనులో చెల్లెలి భుజం తట్టి ఎవరో వచ్చి "రండి, ఇదే మీ కొత్త సీటు" అంటే అన్న ఆఫీసులో ఉన్నట్టు. అతను ప్రింటరుకి నమస్కారం పెట్టి కూర్చోవడం ఒక్కటి చాలు. ఇవి వెంటవెంటనే మూడు నాలుగు రావచ్చు, ఒక్కోటి పది సెకన్లు. కొత్త పాత్రగా సీనులోకి రావాలంటే సీనుకి లేనిది ఒకటి తీసుకొచ్చి, ఇచ్చి, వెళ్ళిపోవాలి. వచ్చినవాళ్ళు ఉండిపోతే సీనుకి కేంద్రం పోతుంది. ఎడిట్, అంటే ఇలా సీను ఆపడం, ఆలస్యమవడం కొత్త జట్లకి సహజం. అందరూ ఇంకో పెద్ద నవ్వు కోసం ఆగుతారు, అది రాదు, సీను చప్పబడుతుంది. మంచి నవ్వు వచ్చిన క్షణంలోనే పరుగెత్తే అలవాటు చేసుకోవాలి. ఎవరు పరుగెత్తినా ఆడుతున్నవాళ్ళకి అది ఉపకారమే.

మూడు, నాలుగు లెవెళ్ళలో హెరాల్డ్. ఆరు నుంచి ఎనిమిది మంది జట్టు, 25 నుంచి 35 నిమిషాలు. ముందు ఓపెనింగ్, తర్వాత ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సీన్లు, జట్టంతా కలిసి ఆడే గ్రూప్ గేమ్, ఆ మూడు సీన్ల రెండో బీట్లు (సీను ప్రతిసారీ తిరిగి రావడాన్ని బీట్ అంటారు), ఇంకో గ్రూప్ గేమ్, చివరికి మూడో బీట్లు. మొత్తం పన్నెండు ముక్కలు. మొదటి బీట్లు ఒక్కోటి మూడు నిమిషాలు పట్టినా మూడో బీట్లు నిమిషం దాటకూడదు, అక్కడ వేగం పెరగాలి. రెండో బీట్ అంటే కథ తర్వాత ఏమైందో చూపించడం అనుకుంటే నీరుగారిపోతుంది. బీరువా కొత్తింటికి చేరిందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. అదే న్యాయాన్ని ఇంకో చోట, ఇంకా పెద్ద పణంతో పెట్టాలి. అన్న పెళ్ళిచూపులకి వెళ్ళి, అమ్మాయి తండ్రి కంటే ముందు సోఫాకి నమస్కారం పెడితే అది రెండో బీట్. మూడో బీట్‌లో వేరే సీన్ల మనుషులు ఒకరి లోకంలోకి ఒకరు వస్తారు. బలవంతంగా అతికించకూడదు, కుదిరినచోటే కలపాలి. ఒక్క కలయిక సరిగ్గా కుదిరినా హాలు లేచిపోతుంది.

ఓపెనింగ్ పని ఇచ్చిన మాట నుంచి సరుకు తీయడం. గుండ్రంగా నిలబడి ఒక మాట నుంచి ఇంకో మాటకి పోతూ, మూడుసార్లు మొదటి మాట దగ్గరికి తిరిగొచ్చేది ఒక రకం. ఒకరు ముందుకొచ్చి తమ జీవితంలో నిజంగా జరిగినది చెప్పేది ఇంకో రకం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆవాహన: ముందు ఆ వస్తువుని "అది" అంటూ వర్ణిస్తారు, తర్వాత "నువ్వు" అని దానితో మాట్లాడతారు, తర్వాత దేవుణ్ణి స్తుతించినట్టు స్తుతిస్తారు, చివరికి "నేను" అంటూ అదే తామైపోతారు. తాళంచెవి గురించి ఇలా మూడు నిమిషాలు చేస్తే నమ్మకం, దొంగతనం, ముసలితనం, పోగొట్టుకున్న ఇల్లు అన్నీ వస్తాయి. అందులోంచి సీన్లు తీసేటప్పుడు వచ్చిన మాటనే మళ్ళీ చూపించకూడదు. తాళంచెవి నుంచి నమ్మకం, నమ్మకం నుంచి ఇల్లు అప్పగించి ఊరెళ్ళే మనిషి. అలా రెండు అడుగులు దూరం వేస్తేనే కొత్త సీను పుడుతుంది.

శరీరం తాకే విషయంలో క్లాసు మొదట్లోనే మాట్లాడుకోవాలి. ప్రతి ఒక్కరూ తమకి ఏది పరవాలేదో, ఏది వద్దో చెప్పాలి: మెడ, నడుము, ఎత్తుకోవడం, మోకాళ్ళ మీద పడడం. పాత గాయాలుంటే అవి కూడా. సీను మధ్యలో ఇబ్బంది అనిపిస్తే ఆపమనే హక్కు అందరికీ ఉండాలి, దానికి కారణం అడగకూడదు. "పాత్ర అలా చేసింది" అన్నది జవాబు కాదు. ఈ సంభాషణ మొదటి క్లాసులో జరపని బడిలో చేరొద్దని నేను గట్టిగా చెప్తాను.

క్లాసు ఒక్కటే సరిపోదు. బ్యాచ్‌లోంచి ఆరేడుగురు కలిసి వారానికోసారి రెండు గంటలు ప్రాక్టీసు పెట్టుకుని, అనుభవం ఉన్న ఒకర్ని కోచ్‌గా పిలుచుకుంటారు. ఆ ఖర్చు అందరూ పంచుకుంటారు. కోచ్ లేకుండా చేసే ప్రాక్టీసు తొందరగా కబుర్లలోకి దిగుతుంది. ఎవరైనా వేదిక ఎక్కగలిగే జామ్‌లు కొత్తవాళ్ళతో ఆడే ధైర్యం ఇస్తాయి, నైపుణ్యం మాత్రం ప్రాక్టీసులోనే వస్తుంది.

లెవెల్ చివరి క్లాస్ షోకి చుట్టాలూ స్నేహితులూ వస్తారు, వాళ్ళు దేనికైనా నవ్వుతారు. అందుకే ఆ రోజు వచ్చిన నవ్వుల్ని కొలతగా తీసుకోకూడదు. ప్రేక్షకుల్ని మాట అడిగేటప్పుడు మొదట స్పష్టంగా వినిపించినదాన్నే తీసుకోవాలి, ఏరుకుంటే నమ్మకం పోతుంది. వేదిక ఎక్కేముందు ఒకరి వీపు ఒకరు తట్టి "నీ వెనక నేనున్నా" అని ప్రతి ఒక్కరికీ చెప్పే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. ఎవర్నీ వదలకుండా అందరికీ చెప్పాలి.

బడి జట్లలో చోటు కోసం ఆడిషన్ ఉంటుంది. ఎనిమిది మందిని ఒక గుంపుగా పిలుస్తారు. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాల సీన్లు రెండు వస్తాయి. ఒకదాన్ని మీరు మొదలుపెట్టాలి, రెండోదాంట్లో ఎదుటివాళ్ళ మొదలుని అందుకోవాలి. ఇంట్లో తయారుచేసుకున్న పాత్ర తెస్తే రెండో సీనులో అది అతకదు, చూసేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. తోడి నటుడు కంగారుపడితే అతను అన్న మాటని నిలబెట్టడమే మీ ఆడిషన్. తర్వాతి విడతకి పిలిస్తే ముక్కూమొహం తెలియని వాళ్ళతో పూర్తి హెరాల్డ్ ఆడాలి. పిలవకపోతే ప్రాక్టీసు జట్టుకే పేరు పెట్టుకుని చిన్న వేదికల్లో పదిహేను ఇరవై నిమిషాల స్లాటు అడగడం మామూలు పద్ధతి. అలాంటి చోట్లకి ముందుగా వెళ్ళి లైట్లు చూసుకునే మనిషిని కలవాలి. ఎంతమంది ఆడుతున్నారో, కుర్చీలు ఎన్ని కావాలో, ఏ నిమిషం దాటాక వచ్చే పెద్ద నవ్వు దగ్గర లైట్లు ఆర్పేయాలో ఆయనకి చెప్పి ఉంచాలి.